కంది వేరును పట్టుకున్న శ్రీగంధం

మహబూబ్‌నగర్ వైపు ఎర్రనేలలో మా అన్నయ్య రెండెకరాల్లో శ్రీగంధం పెట్టి ఏడేళ్లవుతోంది. నాటిన ఏడాది వానాకాలం చివర నేను వెళ్లినప్పుడు ప్రతి గంధం మొక్క పక్కనా జానెడు దూరంలో ఒక కంది మొక్క కనిపించింది. అంతరపంటగా వేశావా అని అడిగితే, "పంట కోసం కాదమ్మా, గంధం మొక్క తిండి కోసం" అన్నాడు. ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నదాన్ని కాబట్టి ఆ సంగతి చదివి ఎరుగుదును గానీ, కళ్లతో చూసింది లేదు. చూపించమంటే, అప్పటికే వడలిపోయిన ఒక కంది మొక్క చుట్టూ మట్టిని చిన్న గునపంతో వదులు చేసి, చేత్తో తీసి, వేళ్లు తెగకుండా పైకెత్తాడు. కంది వేరుమీద గంధం వేరు వచ్చి ఆనిన చోట జొన్నగింజంత తెల్లని బొడిపె ఒకటి, జలగ పట్టినట్టు అంటుకుని ఉంది. పక్కన మరొకటి, ఇంకాస్త కిందికి మరో రెండు ఉన్నాయి. గోటితో లాగితే ఊడి రాలేదు.

శ్రీగంధం ఆకులు పచ్చగానే ఉంటాయి. ఎండను పట్టుకుని తన పిండిపదార్థాన్ని తాను తయారుచేసుకుంటుంది. నీటిని, ఖనిజ లవణాలను, నత్రజనిని మాత్రం చాలావరకు ఆ బొడిపెల గుండా పొరుగు మొక్కల వేళ్లలోంచి తీసుకుంటుంది. మామిడి కొమ్మలమీద బతికే బదనిక శ్రీగంధానికి దూరపు చుట్టం. అది కొమ్మను పట్టుకుంటే ఇది మట్టికింద వేరును పట్టుకుంటుంది. ఈ గుట్టును 1871లో జాన్ స్కాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు బయటపెట్టాడు. శ్రీగంధం ఆశ్రయించగల మొక్కల జాతులు 300కు పైగానే ఉన్నాయని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. అందుకే నర్సరీలో సంచిలో ఉన్నప్పుడే దానికి తోడుగా కంది విత్తుతారు. కంది ఒకటి రెండేళ్లకు మించి ఉండదు కాబట్టి, అది పోయేలోగా సరుగుడు, కానుగ, మలబారు వేప వంటి నిలిచి ఉండే చెట్లను మధ్యమధ్య పెట్టి ఉంచుతారు. కంది, సరుగుడు, కానుగ మూడూ తమ వేళ్లకుండే వేరే రకం బొడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకోగలవు. అంటే గంధం చెట్టు ఆనుకునేది తనకు కావలసిన సరుకున్న ఇంటి గోడనే.

అదే సంవత్సరం, తొమ్మిదో తరగతి పిల్లలకు నేను చెట్ల గురించి ఇంకో కథ చెబుతున్నాను. అడవిలో చెట్లు మట్టికింద శిలీంధ్రపు దారాలతో ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయనీ, ముసలి చెట్లు తమ పిల్ల మొక్కలను గుర్తుపట్టి ఆ దారాల గుండా ఆహారం పంపుతాయనీ, పురుగు పడితే పక్క చెట్లను హెచ్చరిస్తాయనీ, చనిపోయే ముందు తమ దగ్గరున్నదంతా పంచిపెట్టి పోతాయనీ చెప్పేదాన్ని. పిల్లలు కదలకుండా వినేవారు. ఒకరోజు వెనక వరుసలోని అమ్మాయి లేచి, "మరి మర్రిచెట్టు కింద ఏ మొక్కా ఎదగదంటారు కదా టీచర్, ఎందుకని?" అని అడిగింది. నీడ వల్ల అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను. ఆ జవాబులో తప్పు లేదు గానీ, ఆ పిల్ల అడిగింది నీడ గురించి కాదని నాకు అప్పుడే తెలుసు. పిల్లలకు అంత ఆప్యాయంగా సాయపడే పెద్ద చెట్టు తన కాళ్ల దగ్గర మొక్కను ఎందుకు బతకనివ్వదన్నది ఆమె సందేహం. ఆ సందేహం వల్లనే నేను ఈ కథ మూలాల్లోకి వెళ్లి, ఎవరు ఏ ప్రయోగం చేశారు, ఏం కనుక్కున్నారు, అందులో ఎంత రుజువు, ఎంత మన ఆశ అని వరసగా చదవడం మొదలుపెట్టాను. అప్పటినుంచి నాలో బలపడిన అభిప్రాయాన్ని ఇక్కడ దాపరికం లేకుండా చెబుతాను: చెట్ల మధ్య సంబంధాలు నిజమైనవే, కానీ వాటిని మనం తల్లీబిడ్డల ప్రేమగా మార్చుకుని చెప్పుకోవడం వల్ల అడవికి మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుంది.

కథకు మూలం కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల్లో ఉంది. అక్కడ కలప కోసం అడవిని నరికి, ఆ చోట డగ్లస్ ఫర్ మొక్కలు నాటేవారు. వాటి మధ్య తనంతట తానుగా మొలిచే బర్చ్ చెట్లను కలుపు మొక్కలుగా లెక్కగట్టి, ఫర్‌కు ఎండ తగలాలని తీసేసేవారు. సుజాన్ సిమార్డ్ అనే అటవీ శాస్త్రవేత్త గమనించిందేమిటంటే, బర్చ్‌ను తీసేసిన చోట ఫర్ మొక్కలు బాగుపడటానికి బదులు కొన్నిసార్లు వేరుకుళ్లుతో ఎక్కువగా చనిపోతున్నాయి. బర్చ్, ఫర్ రెండింటి వేళ్లమీదా నివసించే శిలీంధ్రాలు చాలావరకు ఉమ్మడివి. అయితే ఆ శిలీంధ్రాల ద్వారా రెండింటి మధ్య ఏదైనా నడుస్తోందా అన్న ప్రశ్నతో ఆమె ఒక ప్రయోగం చేసింది. బర్చ్, ఫర్, సెడార్ మొక్కలను పక్కపక్కన నాటించి, అవి కుదురుకున్నాక బర్చ్‌ను, ఫర్‌ను ప్లాస్టిక్ సంచులతో కప్పి, మామూలు కార్బన్‌నుంచి వేరుగా ఆనవాలు పట్టగల రెండు రకాలను తీసుకుని, ఒకదానికి కార్బన్-13తో, మరొకదానికి కార్బన్-14తో గుర్తువేసిన బొగ్గుపులుసు వాయువును పీల్పించింది. కొన్ని ఫర్ మొక్కలకు పందిరివేసి నీడ కల్పించింది. కొన్నాళ్లకు మొక్కలను తవ్వి చూస్తే, ఒకదానికి పెట్టిన గుర్తు మరొకదానిలో కనిపించింది. రాకపోకలు రెండు వైపులా జరిగాయి గానీ, నికరంగా లాభపడింది ఫర్. అది కిరణజన్య సంయోగక్రియతో తీసుకున్న గుర్తు కార్బన్‌తో పోలిస్తే ఆ లాభం సగటున 6 శాతం. నీడలో ఉన్న ఫర్‌కు మరికాస్త ఎక్కువ అందింది. సెడార్ వేళ్లమీద ఉండేది వేరే రకం శిలీంధ్రం కనుక దానికి ఈ రెండింటితో ఉమ్మడి లేదు. దానిలోకి చేరింది స్వల్పమే. అందువల్ల కార్బన్ ప్రధానంగా శిలీంధ్రపు దారాల గుండానే నడిచిందని సిమార్డ్ బృందం తీర్మానించింది. 1997 ఆగస్టులో 'నేచర్' పత్రిక ఈ ఫలితాలను అచ్చువేసి, ముఖచిత్రం మీద 'వుడ్ వైడ్ వెబ్' అని పేరుపెట్టింది.

ఆ పరిశోధన మీద నాకు గౌరవం ఉంది. కుండీలో కాకుండా ఆరుబయట నేలమీద, రెండు రకాల గుర్తులతో, పోలిక కోసం మూడో చెట్టును కూడా నాటి చేసిన పని అది. కలుపు అని తీసేస్తున్న చెట్టు కలుపు కాదని అటవీ శాఖలకు చెప్పిన ధైర్యం అందులో ఉంది. తర్వాత జరిగిందే నన్ను బాధపెడుతుంది. మొక్కలమీద తేలిన 6 శాతం, ఆ పత్రికను దాటి బయటికి వచ్చేసరికి అడవి అంతటికీ, అన్ని చెట్లకూ వర్తించే నియమం అయిపోయింది. సిమార్డ్ కూడా తర్వాతి ఏళ్లలో పెద్ద వయసు చెట్లను 'తల్లి చెట్లు' అని పిలవసాగింది. తెలుగు వాళ్లకు ఆ మాట కొత్తది కాదు. నేలలోకి నిటారుగా దిగే వేరును మనం తల్లివేరు అంటాం. మామిడి అంట్లు కట్టేవాళ్లు కొమ్మ కోసుకొచ్చే చెట్టును తల్లి చెట్టు అంటారు. అయితే అంటు కట్టే మనిషి ఆ మాట అన్నప్పుడు ఈ కొమ్మ ఎక్కడినుంచి వచ్చిందో మాత్రమే చెబుతున్నాడు గానీ, ఆ చెట్టు పిల్లల కోసం ఆరాటపడుతోందని అనడం లేదు. మాట పాతదే అయినా దానికి అంటించిన అర్థం మాత్రం కొత్తది.

2023లో జస్టిన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా అనే ముగ్గురు శిలీంధ్ర పరిశోధకులు ఈ కథలోని మూడు ప్రధానమైన మాటలను తీసుకుని, ఒక్కొక్కదాని వెనకా అడవిలో చేసిన ప్రయోగాల రుజువు ఎంతుందో లెక్కతీశారు. అడవుల్లో ఇలాంటి ఉమ్మడి శిలీంధ్ర వలలు అంతటా ఉన్నాయన్నది మొదటి మాట. ఆ వలల గుండా వచ్చే ఆహారం వల్ల లేత మొక్కలు బాగా ఎదుగుతాయన్నది రెండోది. పెద్ద చెట్లు తమ సంతానాన్ని ఎంచి మరీ ఆహారాన్నీ హెచ్చరికలనూ పంపుతాయన్నది మూడోది. మొదటి రెండింటికీ ఉన్న ఆధారాలు అంత గట్టి తీర్మానానికి సరిపోవనీ, మూడోదానికి అడవిలో చేసి, తోటి శాస్త్రజ్ఞుల పరిశీలనకు నిలిచి అచ్చయిన రుజువు ఒక్కటీ లేదనీ వారు తేల్చారు. వారు ఇంకొక సంగతి కూడా చెప్పారు: ఈ రంగంలో పనిచేసేవాళ్లే పాత పరిశోధనలను ఉదహరిస్తున్నప్పుడు అవి చూపించని దాన్ని చూపించినట్టు రాయడం ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఆ ముగ్గురిలో మెలనీ జోన్స్ 1997 నాటి ఆ ప్రయోగపత్రం రాసినవారిలో ఒకరు. పాతికేళ్ల కిందట తాను పాలుపంచుకున్న పనిమీద నిలబడిన కథను తానే మళ్లీ తూకం వేసి, ఇది మేం చూపించిన దానికంటే ఎక్కువ అని చెప్పగలగడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. సిమార్డ్ తన నిర్ధారణలను సమర్థించుకుంటూనే ఉంది. వాదం ముగియలేదు, ముగిసిందని ఏ పక్షం తరఫునైనా పిల్లలకు చెప్పే హక్కు నాకు లేదు.

దీన్ని రుజువు చేయడం ఎందుకింత కష్టమో అర్థం చేసుకుంటే, ఈ వాదం ఎవరి మొండితనమూ కాదని తెలుస్తుంది. శిలీంధ్రపు దారం మన వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్ననిది. తవ్వితే తెగిపోతుంది, తెగితే దాని గుండా ఏం నడిచిందో చూడలేం. అందుకని వేళ్లు దూరలేనంత సన్నని, దారాలు మాత్రం దూరగల కన్నాలున్న జాలి సంచిలో మొక్కను పెంచి, బయటున్న మొక్కతో పోల్చి చూస్తారు. కానీ జాలిలోంచి దారాలతోపాటు నీళ్లూ, నీళ్లలో కరిగిన పదార్థాలూ కూడా వెళతాయి. వేరు మట్టిలోకి వదిలిన చక్కెరలను పక్క వేరు పీల్చుకోవడం, వేరు వదిలిన గాలిని మరోటి తీసుకోవడం వంటి దారులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. 2010లో బ్రిటిష్ కొలంబియాలోనే 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న అడవి ముక్కలో ఏ శిలీంధ్రం ఏ చెట్టు వేరుమీద ఉందో జన్యు పరీక్షలతో పటం గీశారు. అందులో ఒక్క పెద్ద చెట్టుకు 47 చెట్లతో ఉమ్మడి శిలీంధ్రాలున్నట్టు తేలింది. ఆ పటాన్ని చూసినవాళ్లెవరికైనా గుండె ఉప్పొంగుతుంది. నాకూ అలాగే అయింది. కానీ ఒకే శిలీంధ్రపు జన్యువు రెండు వేళ్లమీద దొరికినంత మాత్రాన, ఆ రెంటి మధ్యా దారం ఆ రోజుకు తెగకుండా ఉందని గానీ, దానిలో ఏదో పారుతోందని గానీ అనలేం. ఒకే ఊరి కాలువ మీద రెండు మడులున్నాయని తెలియడం వేరు, ఒక మడి నీరు మరొక మడిలోకి పోయిందని చూడటం వేరు.

2016లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గరి అడవిలో తమీర్ క్లైన్, క్రిస్టియన్ కోర్నర్ బృందం చేసిన పని ఈ కష్టాన్ని చక్కగా చూపిస్తుంది. సుమారు 40 మీటర్ల ఎత్తున్న ఐదు స్ప్రూస్ చెట్ల తలలకు క్రేన్ సాయంతో గొట్టాలు చుట్టి, గుర్తువేసిన బొగ్గుపులుసు వాయువును కొన్నేళ్లపాటు అందించారు. పక్కనున్న బీచ్, పైన్, లార్చ్ చెట్ల సన్నని వేళ్లలో ఆ గుర్తు దొరికింది. హెక్టారుకు ఏటా 280 కిలోల కార్బన్ ఇలా చెట్టునుంచి చెట్టుకు మారుతుందని లెక్కవేశారు. మొక్కలు కావు, నిండు వయసు చెట్లు. ఒకే జాతి కాదు, వేర్వేరు జాతులు. అయితే ఆ గుర్తు పొరుగు చెట్ల సన్నని వేళ్లలో ఉంది గానీ, వాటి కాండంలో కనిపించలేదు. అంటే ఆ కార్బన్ పొరుగు చెట్టుకు తిండి అయిందా, లేక ఆ వేళ్లను అల్లుకున్న శిలీంధ్రమే తన ఇంట్లో దాన్ని అట్టిపెట్టుకుందా అన్నది మిగిలిపోయింది.

ఆ శిలీంధ్రాన్నే మనం ఈ కథలో పట్టించుకోవడం మానేశాం. మన ఊహలో అది టెలిఫోను తీగ. చెట్లు మాట్లాడుకోవడానికి పరిచిన దారం. 1885లో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వేరూ శిలీంధ్రమూ కలిసి బతికే ఈ ఏర్పాటుకు మైకోరైజా అని పేరుపెట్టినప్పటినుంచీ మనకు తెలిసిందేమిటంటే, శిలీంధ్రం తన బతుకు తాను చూసుకునే ప్రాణి. అది మట్టిలోంచి భాస్వరాన్నీ నత్రజనినీ నీటినీ సమకూర్చి వేరుకు ఇస్తుంది. బదులుగా చెట్టు చేసిన చక్కెరలను, కొవ్వులను తీసుకుంటుంది. మన రైతులకు జీవన ఎరువుల దుకాణంలో 'వ్యామ్' పేరుతో దొరికేది ఈ జాతి శిలీంధ్రాల్లో ఒక రకమే. 2011లో టోబీ కీర్స్ బృందం ఒక చిన్న మొక్క వేళ్లమీద చేసిన ప్రయోగంలో, ఎక్కువ చక్కెర ఇచ్చిన వేరుకు శిలీంధ్రం ఎక్కువ భాస్వరం ఇచ్చింది. ఎక్కువ భాస్వరం ఇచ్చిన శిలీంధ్రానికి వేరు ఎక్కువ చక్కెర ఇచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడంలో లెక్క తప్పని ఈ మూడో ప్రాణిని పక్కకు తోసేసి, చెట్లు ఒకదాన్నొకటి పోషించుకుంటాయని చెప్పడం, సంతలో దుకాణదారుణ్ని వదిలేసి ఇద్దరు కొనుగోలుదారుల స్నేహం గురించి మాత్రమే రాయడంలా ఉంటుంది.

ఈ మూడో ప్రాణి విలువ తెలిసినవాళ్లు మనకు పొరుగునే ఉన్నారు. బస్తర్‌లో తొలకరి పడగానే సాల వనాల్లో నేల తవ్వి గుండ్రని, గోలీల్లాంటి పుట్టగొడుగులను ఏరతారు. వాటిని బోడా అంటారు. సీజను మొదట్లో జగదల్‌పూర్ సంతలో వాటి ధర మాంసం ధరను దాటుతుంది. వాటిని తోటలో పెంచడం ఇంతవరకూ ఎవరికీ సాధ్యం కాలేదు. ఎందుకంటే ఆ శిలీంధ్రం సాల వృక్షం వేళ్లతో కలిసి బతుకుతుంది, చెట్టు లేకుండా కాయదు. మనం గుగ్గిలం చెట్టు అనే ఆ సాల వృక్షమే ఉత్తరాంధ్ర కొండల దాకా వ్యాపించి ఉంది. బోడా ఏరే గిరిజన స్త్రీకి, చెట్టు పోతే పుట్టగొడుగు పోతుందని చెప్పడానికి ఏ తల్లి చెట్టు కథా అక్కర్లేదు.

ఇక హెచ్చరికల సంగతి. ఇందులో శాస్త్రం నడిచిన దారి నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇక్కడ ఒక ఆలోచన ఓడిపోయి, ఓపిక పట్టి, మంచి ఆధారాలతో తిరిగి వచ్చింది. 1983లో అమెరికాలో డేవిడ్ రోడ్స్, గొంగళిపురుగులు తిన్న విల్లో చెట్లతోపాటు వాటికి దూరంగా ఉన్న, పురుగు పడని విల్లోల ఆకులు కూడా పురుగుకు తిండిగా పనికిరాకుండా మారాయని చూపించాడు. వేళ్లు కలిసిన దాఖలా లేదు కాబట్టి గాలిలోనే ఏదో వెళ్లి ఉండాలన్నాడు. అదే ఏడాది ఇయన్ బాల్డ్విన్, జాక్ షుల్ట్జ్ కుండీల్లోని పాప్లార్, మేపుల్ మొక్కల ఆకులు చింపితే, అదే గదిలోని చింపని మొక్కలు కూడా తమ ఆకుల్లో రక్షక రసాయనాలు పెంచుకున్నాయని చెప్పారు. పత్రికలు వెంటనే మాట్లాడే చెట్లని రాశాయి. రెండేళ్లు తిరగకుండా ఇతర శాస్త్రజ్ఞులు ఆ ప్రయోగాల్లో లోపాలు ఎత్తిచూపారు. రోడ్స్ ప్రయోగంలోని పురుగులకు ఏదో అంటురోగం వచ్చి ఉండవచ్చని కూడా అన్నారు. ఆ విషయం చాలాకాలం మూలనపడింది. తర్వాత కాలిఫోర్నియాలో రిచర్డ్ కార్బాన్ అనే శాస్త్రవేత్త ఏళ్లతరబడి సేజ్‌బ్రష్ పొదలమీద పనిచేశాడు. ఈ సేజ్‌బ్రష్ మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రికి దగ్గరి చుట్టం. నలిపితే అలాంటి ఘాటు వాసనే. ఒక పొద ఆకులు కత్తిరిస్తే, 60 సెంటీమీటర్ల లోపలున్న కొమ్మలకు ఆ రుతువులో పురుగు తక్కువ పట్టింది. ఆ కొమ్మ అదే పొదదైనా, పక్క పొదదైనా ఫలితం ఒకటే. వాసన దాటకుండా సంచి కడితే ఆ రక్షణ లేదు. దగ్గరి జన్యు సంబంధం ఉన్న పొదల మధ్య ఈ ఫలితం మరింత బలంగా ఉన్నట్టు కూడా ఆయన 2013లో చూపించాడు. తల్లి చెట్టు కథను ఇష్టపడేవాళ్లు వాడుకోగల ఆధారం ఇది. నా వాదానికి అడ్డం వస్తుందని దాన్ని దాచలేను.

కానీ 60 సెంటీమీటర్లను గుర్తుపెట్టుకోవాలి. మూర దాటి కొంచెం దూరం. ఆ వాసన పొరుగు పొద కోసమేనని అనుకోవడానికి లేదు. సేజ్‌బ్రష్‌లో ఒక కొమ్మకూ మరో కొమ్మకూ లోపలి నాళాల సంబంధం సరిగా ఉండదు. ఒక కొమ్మకు దెబ్బ తగిలిన సంగతి అదే పొదలోని ఇంకో కొమ్మకు త్వరగా చేరాలంటే గాలే దారి. పొద తన కొమ్మలకు తాను చెప్పుకుంటున్న మాట పక్క పొద చెవిన పడుతోంది. విన్నది జాగ్రత్త పడుతోంది. ఇందులో త్యాగం లేకపోయినా అద్భుతం తగ్గలేదు. చెవులు లేని ప్రాణి పొరుగింటి మాట విని తలుపు వేసుకుంటోందంటే, దానికి ఇంకా మనం ప్రేమ జోడించాలా? 2013లో స్కాట్లండ్‌లో జరిగిన ఒక ప్రయోగంలో పెద్ద చిక్కుడు మొక్కలకు పేనుబంక పట్టించి చూశారు. శిలీంధ్రపు దారాలతో కలిసి ఉన్న ఆరోగ్యమైన మొక్కలు పేనుబంకను దూరం కొట్టి, దాన్ని చంపే కందిరీగలను రప్పించే వాసనలు వదిలాయి. దారాలు కలవని మొక్కలు వదల్లేదు. అంటే మట్టికింద కూడా ఏదో కబురు నడుస్తోంది. అది కుండీల్లోని చిక్కుడు. అడవిలోని చెట్టు కాదు. ఆ తేడాను చెరిపేయకుండా చెప్పినంతకాలం నాకు ఏ పేచీ లేదు.

వేళ్లు నేరుగా అతుక్కుపోయిన సందర్భాల్లో మాత్రం సందేహానికి చోటు తక్కువ. 2019లో న్యూజిలాండ్‌లో సెబాస్టియన్ ల్యూజింగర్, మార్టిన్ బాడర్ ఒక కౌరీ చెట్టు మోడును పరిశీలించారు. దానికి ఒక్క ఆకు కూడా లేదు. అయినా లోపల ప్రాణం ఉంది. పరికరాలు పెట్టి చూస్తే, పగటిపూట పక్క చెట్లు నీళ్లు పైకి లాగుతున్నప్పుడు మోడులో కదలిక తగ్గేది. రాత్రిపూట, వాన రోజుల్లో పక్క చెట్లు నెమ్మదించినప్పుడు మోడులో నీరు కదిలేది. పొరుగు చెట్ల వేళ్లతో దాని వేళ్లు అతుక్కుని, వాటి నీటితో అది బతుకుతోంది. పక్క చెట్లు దాన్ని దయతో బతికిస్తున్నాయా, లేక అతుకు పడింది కాబట్టి వదిలించుకోలేకపోతున్నాయా, లేక ఆ మోడు వేళ్లవల్ల వాటికీ ఏదైనా లాభముందా అన్నది వేరే ప్రశ్న. ఆ మోడు ముందు నిలబడితే నాకు కలిగే విస్మయం, ఆ ప్రశ్నకు జవాబు ఏదైనా మారదు.

ఇంత వివరంగా పట్టుపట్టడం ఎందుకు, అడవిమీద ప్రేమ పుట్టించే కథ అయితే కాస్త అతిశయం ఉంటే నష్టమేమిటి అని నా తోటి ఉపాధ్యాయులు అడుగుతుంటారు. నష్టం రెండు విధాలని నా నమ్మకం. మొదటిది, అడవిని కాపాడమనే మాటను రుజువు కాని కథమీద నిలబెడితే, ఆ కథలో కన్నం పడిన రోజున అడవి నరకాలనుకునేవాళ్ల చేతికి మనమే గొడ్డలి ఇచ్చినట్టవుతుంది. రెండోది ఇంకా లోతైనది. చెట్లు తల్లుల్లా పిల్లల్ని చూసుకుంటాయి కాబట్టి వాటిని గౌరవించాలని పిల్లలకు నేర్పితే, మనలా ఉన్నదాన్నే గౌరవించాలని నేర్పినట్టు. శ్రీగంధం తల్లిలా లేదు. బదనిక తల్లిలా లేదు. తన నీడలో మొక్కను ఎదగనివ్వని మర్రి తల్లిలా లేదు. అడవిలో పోటీ ఉంది, దోపిడీ ఉంది, బేరం ఉంది, పొంచి వినడం ఉంది, కొన్నిచోట్ల మనం సాయం అనదగ్గది కూడా ఉంది. ఇవన్నీ ఒకే గుప్పెడు మట్టిలో ఉంటాయి. అందులోంచి మనకు నచ్చిన ఒక్కదాన్ని ఏరుకుని ప్రచారం చేయడం చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడమే.

పైగా, అడవిని కాపాడమని అడగడానికి రుజువైన సంగతులే సరిపోతాయి. ప్యూర్టోరికో దీవిలో పైన్ చెట్లు పెంచాలని ఏళ్లతరబడి చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి. మొలకలు పసుపుబారి, గిడసబారి చనిపోయేవి. 1950లలో అమెరికా నుంచి పైన్ అడవి మట్టిని తెచ్చి, అందులోని శిలీంధ్రాలను మొక్కలకు అంటించాకే అవి పెరిగాయి. విత్తనం ఉంది, ఎండ ఉంది, వాన ఉంది. లేనిదల్లా మట్టిలో ఉండాల్సిన ఆ తోడు. మన దేశంలో ఒకచోట అడవి తీసేసి మరోచోట మొక్కలు నాటే పద్ధతికి 2016లో ప్రత్యామ్నాయ వనీకరణ నిధి చట్టం కూడా వచ్చింది. మొక్కల సంఖ్యను సంఖ్యతో సరిచూస్తారు. నరికిన చోట మట్టిలో ఏముండేదో, నాటిన చోట మట్టిలో ఏముందో ఆ లెక్కల్లో రాదు. వంద ఏళ్ల సాల వనం బదులు బంజరు భూమిలో వరుసగా నాటిన నీలగిరి మొక్కలు సాల వనంతో సమానం కావని చెప్పడానికి, ఏ చెట్టూ తన బిడ్డను గుర్తుపట్టాల్సిన పని లేదు. బోడా ఏరే స్త్రీ వచ్చే తొలకరికి అక్కడ నేల తవ్వి చూస్తే చాలు.

ఇప్పుడు నేను తరగతిలో 1997 ప్రయోగాన్ని మొత్తం చెబుతాను, సెడార్‌తో సహా. 2023 విమర్శను కూడా చెబుతాను. రెండు రోజులు పడుతుంది. మర్రిచెట్టు గురించి అడిగిన అమ్మాయి పాఠశాల దాటి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమెకు ఇవ్వవలసిన జవాబు ఇవ్వలేకపోయానన్న బాధ మాత్రం నాకు మిగిలింది.

పోయిన సంక్రాంతికి అన్నయ్య తోటకు మళ్లీ వెళ్లాను. కంది ఎప్పుడో పోయింది. గంధం చెట్లు నా తల దాటి ఎదిగాయి, మధ్యలో సరుగుడు చెట్లు వాటికంటే ఎత్తుగా ఉన్నాయి. ఒక సరుగుడు పక్కన తవ్వి చూపించమన్నాను. మూరెడు లోతున సరుగుడు వేరు దొరికింది, దానిమీద గంధం బొడిపెలు వరసగా ఉన్నాయి. ఇంకాస్త పక్కకు మట్టి తీస్తే ఒక సన్నని గంధం వేరు, బొటనవేలంత లావున్న మరో వేరుమీద బొడిపె వేసి కనిపించింది. ఆ లావు వేరును గీరితే అది సరుగుడుది కాదు, అవతలి వరుసలోని మరో గంధం చెట్టుది. శ్రీగంధం తన జాతినే పట్టుకోవడం గురించి చదివాను గానీ చూడటం అదే మొదలు. "ఇప్పుడు ఇందులో ఏది పెడుతున్నట్టు, ఏది తింటున్నట్టు?" అని అన్నయ్య అడిగాడు. ఇద్దరం కాసేపు ఆ బొడిపెను చూస్తూ కూర్చున్నాం. ఎండ వేళ్లకు తగులుతోందని అతడే మట్టి లాగి కప్పి, చెంబుతో నీళ్లు పోశాడు.